పాత పేరు గడి

ముందుగా ఒక్క మాట, అవ్వ మనిషి కాదు. సెమరాంగ్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న అయిదు ఆస్పత్రులకు ఒకే యాజమాన్యం. ఆ అయిదింటి నడుమ కూర్చుని ఏ రోగి ఎవరో తేల్చి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్ అది. దాని అసలు పేరు ఒప్పంద పత్రాల్లో తప్ప ఎక్కడా వినబడదు. ఆఫీసులో అందరూ 'ఎంబా' అంటారు, అంటే అవ్వ. ముసలిదైపోయింది. పొద్దున్నే లేవదు, లేచినా మూలుగుతూ పనిచేస్తుంది. కాని ఎవరు ఎవరి బిడ్డో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

జావాలో ఆ పని అంత తేలికైందేం కాదు. చాలామందికి ఇంటిపేరనేది లేదు, ఉన్నది ఒక్కటే పేరు. వీధికి నలుగురు సుపార్మిలు. ముసలివాళ్ళకు అసలు పుట్టినరోజు గుర్తుండదు కనుక నలుగురూ జనవరి ఒకటినే పుడతారు. పుట్టిన బిడ్డకి పేరు పెట్టేదాకా 'ఫలానా ఆవిడ బిడ్డ' అని రాస్తారు, పేరు పెట్టాక ఇంకో రికార్డు పుడుతుంది. ఒక మనిషి ఇద్దరైపోవడానికి, ఇద్దరు ఒకరైపోవడానికి అక్కడ మంత్రాలు అక్కర్లేదు, కౌంటర్లో అమ్మాయికి తుమ్మొస్తే చాలు. అవ్వ పక్కన కూర్చుని 'ఈమే ఆమే ఒకటి, వీడూ వాడూ వేరు' అని తేల్చే జట్టుకి పెద్ద వెనింగ్. తల సగం నెరిసింది ఆ పనిలోనే.

అవ్వను తయారుచేసిన కంపెనీవాళ్ళు ఒకరోజు కబురు పంపారు. ఈ ఏడాది చివరితో దీన్ని చూసుకోవడం మానేస్తున్నాం, ఇక మీ దారి మీరు చూసుకోండి అని, చాలా మర్యాదగా. డైరెక్టరు హెందార్తో అది చదివి సంబరపడ్డాడు. ఆయనకు అవ్వంటే మొదటినుంచీ చిన్నచూపే.

"పీడా విరగడైంది బు వెనింగ్. ఇకనైనా కాస్త మనుషుల్లా పనిచేద్దాం," అన్నాడు. ఆ ఆఫీసులో అమ్మలందరూ బు, అయ్యలందరూ పాక్.

"కొత్తది మన మనుషుల్ని గుర్తుపట్టాలి కదా పాక్," అంది వెనింగ్.

"పడుతుంది, పడుతుంది. డబ్బు పోస్తున్నాం కదా, చచ్చినట్టు పడుతుంది."

వెనింగ్ బస్సులో ఇంటికి వెళ్తూ ఒకే ఒక్క సంగతి తలుచుకుంది. పాత పేరు గడి ఏమవుతుంది?

ఆ గడి సంగతి చెప్పాలంటే ఆమె చెల్లెలి కూతురి సంగతి చెప్పాలి. చెల్లెలు పినాస్తి ఉంగారన్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. భర్త ఓడల మీద ఉంటాడు, ఎప్పుడో ఏడాదికోసారి కనబడతాడు. పెళ్ళయిన చాన్నాళ్ళకు పుట్టిన పిల్ల కదాని మురిసిపోయి నరేశ్వరి అని పేరు పెట్టుకుంది. రాజుగారి పట్టపుదేవికి ఉండాల్సిన పేరు. కుట్టుమిషను ముందు కూర్చునే తల్లికి ఆ మాత్రం ఆశ ఉండకూడదా ఏమిటి?

ఆ పిల్ల నడక నేర్చిన నాటినుంచి సరిగ్గా మంచం దిగలేదు. ఓసారి జ్వరం, ఓసారి వాంతులు, ఓసారి ఒళ్ళంతా దద్దుర్లు. చివరికి ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇస్తే మొహం ఉబ్బిపోయి, ఊపిరాడక, చావు గుమ్మం తొక్కి వెనక్కి వచ్చింది. ఈ మందు ఈ పిల్లకి జన్మలో ఇవ్వకూడదని డాక్టరు ఆమె రికార్డు మీద ఎర్ర గుర్తు వేశాడు.

ఇంటికి తెచ్చాక పినాస్తి అత్త సుమీరా ఒకటే మాట అంది. "పేరు బరువైందే అమ్మా. పిల్ల మోయలేకపోతోంది."

అక్కడ అది కొత్త మాటేం కాదు. బెల్లం వేసి ఎర్ర జావ, ఉప్పు వేసి తెల్ల జావ కాచారు. ఇరుగుపొరుగుని పిలిచి చాప పరిచారు. పిల్ల పేరు సారస్ అని మార్చారు, ఆరోగ్యం అని అర్థం. ఆ జావ తిన్న ప్రతివాళ్ళూ పాత పేరు ఇక నోట పలకబోమని ఒట్టు పెట్టుకున్నట్టే. పాత పేరు పిలిస్తే పాత జబ్బు పలుకుతుంది అని సుమీరా అందరికీ చెప్పింది. వెనింగ్ కూడా ఆ జావ తింది. పెద్ద చదువు చదివినావిడ, ఇలాంటివి విని నవ్వే రకం. కాని ఆ సాయంత్రమే పక్కింటావిడ నోరుజారి పాత పేరుతో పిలిచింది, చీకటి పడకముందే పిల్లకి ఒళ్ళు కాలిపోయి కళ్ళు తేలేసింది. వెనింగ్ పక్కనే ఉండి చూసింది. అప్పటినుంచి ఆమెకు నమ్మకమూ లేదు, ధైర్యమూ లేదు.

పేరు మారాక పిల్ల నిజంగానే కోలుకుంది. బుగ్గలొచ్చాయి, బడికి వెళ్ళింది, నోటికి హద్దు లేకుండా వాగడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఇంటికొస్తే వేయించిన అరటికాయలన్నీ తనకే కావాలనేది.

అయితే ఆస్పత్రికి వచ్చేది సారస్, ఎర్ర గుర్తు ఉన్నది నరేశ్వరి మీద. ఇలా పేరు మార్చుకున్నవాళ్ళు ఊరూరా ఉంటారు. వాళ్ళలో ఒక్కరు కూడా కౌంటర్ దగ్గర పాత పేరు నోట చెప్పరు. వెనింగ్ అవ్వ కంపెనీవాళ్ళ వెంటపడి, బతిమాలి, పోట్లాడి రికార్డులో ఒక గడి పెట్టించింది. అదే పాత పేరు గడి. అది ఎవరికీ కనబడదు. కౌంటర్లో అమ్మాయికి కొత్త పేరే కనిపిస్తుంది, దాని పక్కనే ఎర్ర గుర్తు వెలుగుతుంది. ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు, ఎవరూ ఏమీ పలకనక్కర్లేదు. అవ్వ తన కడుపులో దాచుకుంటుంది. ఆ గడిలో మొదటి ముడి, సారస్‌కీ నరేశ్వరికీ, వెనింగ్ తన చేత్తోనే వేసింది.

అవ్వ స్థానంలోకి మూడు సంబంధాలు వచ్చాయి.

మొదటిది బాగా పెద్దింటి సంబంధం. ధర చూసి హెందార్తో కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టేశాడు. రెండోది బాండుంగ్ నుంచి వచ్చిన కుర్రాళ్ళది. స్క్రీను చూస్తే మొహం మొత్తుతుంది, వాళ్ళకు మాటలు కూడా సరిగ్గా రావు. కాని వెనింగ్ పాత పేరు గడి గురించి అడిగితే వాళ్ళలో ఒకడు తలొంచుకుని, "పెడతాం బు. మా అన్నయ్యకీ పేరు మార్చారు," అన్నాడు. మూడోది జకార్తా సంబంధం. దాన్ని వెంటబెట్టుకొచ్చినవాడు గలీహ్, కుర్రవాడు గనుక పాక్ కాదు, మాస్.

గలీహ్ వచ్చాడంటే మీటింగు కాదు, పెళ్ళివారి విడిది. మనిషికో డబ్బా, డబ్బాలో ఆకులో చుట్టిన జిగురన్నం, రిసోల్ అనే వేయించిన చుట్ట ఒకటి, పచ్చటి కేకు ముక్క. గోడ మీద రంగులు. రోగుల పేర్లు చేపల్లా ఈదుకుంటూ వచ్చి ఒకదాన్నొకటి అతుక్కుంటున్నాయి. పైన ఒక అంకె నూటికి తొంభై తొమ్మిది దగ్గర మెరుస్తోంది. పైన పటారం లోన లొటారం అని వెనింగ్‌కి అప్పుడే అనిపించింది. అనిపిస్తే సరిపోదుగా, చూపించాలి.

"మీ నమూనా రికార్డులన్నీ ఇందులో పోశాం బు. ఒకే మనిషివైన రికార్డుల జంటలన్నీ అదే పట్టేసింది. మీ జట్టు ఇక హాయిగా కాళ్ళు చాపుకుని టీ తాగొచ్చు," అన్నాడు గలీహ్.

"పేరు మార్చుకున్నవాళ్ళని పట్టిందా మాస్ గలీహ్?"

"పెళ్ళయ్యాకా?"

"కాదు. చిన్నప్పుడు, జబ్బు చేసి."

గలీహ్ జకార్తాలో పుట్టి పెరిగినవాడు. అర్థంకాక డైరెక్టరు వైపు చూశాడు. హెందార్తో నవ్వేశాడు.

"మా జావా పిచ్చిలే. పిల్లాడు దగ్గితే పేరు మార్చేస్తారు. మా అమ్మమ్మ నాకు రెండుసార్లు మార్చింది. నేను చచ్చానా? రాయిలా ఉన్నాను."

"అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు పాక్. రికార్డు రెండుగా వస్తే పాతదాని మీదున్న ఎర్ర గుర్తు కొత్తదాని మీదికి రాదు. మందు పడనివాళ్ళు చచ్చిపోతారు. బాండుంగ్ వాళ్ళు ఆ గడి పెడతామంటున్నారు," అంది వెనింగ్.

"బాండుంగ్ వాళ్ళు నలుగురంటే నలుగురు. రేపు వాళ్ళలో ఒకడు పెళ్ళి చేసుకుని ఊరెళ్తే మన అయిదు ఆస్పత్రులూ మూసుకోవాలి. చాలామంది, చాలామంది అంటారు. ఒక్కరిని చూపించండి బు, ఒప్పుకుంటాను."

గలీహ్‌కి హుషారొచ్చింది. "అవును బు. ఒక్క మనిషి చాలు. పాత పేరూ కొత్త పేరూ చెప్పండి, ఇప్పుడే ఇక్కడే వెతుకుదాం. అతుక్కోలేదంటే నేనే బాండుంగ్ వాళ్ళకి ఓటేస్తాను."

అవ్వ కడుపులో పేర్లు బోలెడు ఉన్నాయి, కాని నమూనాగా ఇచ్చిన రికార్డుల్లో ఆ గడి లేదు, బయటివాళ్ళ ముందు దాన్ని తెరవడం నేరం. ఆమె స్వయంగా పెట్టిన నియమమే అది. చెప్పుకోదగ్గ పేరు ఒక్కటే, తన ఇంటి పిల్ల పేరు. చెప్తే ఆ గోడ మీద నరేశ్వరి ఒకచోట, సారస్ ఒకచోట విడివిడిగా నిలబడతారు, గలీహ్ నోరు మూతపడుతుంది, పని అయిపోతుంది. అది ఆమెకు తెలుసు. ఆ వారం సారస్‌కి దగ్గుగా ఉందని కూడా తెలుసు. పేరు గొంతు దాకా వచ్చింది. చాప మీద తేలేసిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. జిగురన్నం ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

"పోనీ మీది చెప్పండి పాక్," అన్నాడు గలీహ్ డైరెక్టరుతో. "రెండుసార్లు మార్చారన్నారుగా. మీ పాత పేరేంటి?"

హెందార్తో మొహంలో నవ్వు ఆగిపోయింది. కుర్చీలో కదిలాడు. టీ గ్లాసు మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"అదెందుకులే ఇప్పుడు," అన్నాడు.

వెనింగ్ ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. రాయిలా ఉన్నానన్న మనిషి, యాభై దాటిన డైరెక్టరు, ఆ ఒక్క పేరు పలకలేకపోయాడు. అప్పుడైనా ఆమె నవ్వి, 'చూశారా పాక్, ఇదే నేను చెప్పేది' అని ఉండాల్సింది. అనలేదు. తనూ అదే పడవలో ఉంది మరి.

"చూశారా, ఒక్క ఉదాహరణ కూడా లేదు," అన్నాడు గలీహ్ సంతోషంగా. "ఒకవేళ ఎక్కడైనా సందేహం వచ్చిందనుకోండి, తల్లిని అడిగితే సరిపోతుంది కదా బు. తల్లికి తెలియందేముంటుంది?"

వారం గడువు అడిగింది వెనింగ్. ఈ ధర ఈ పూటవరకేనని గలీహ్ చేతులు జోడించాడు. పాత పేర్లు పోకుండా కొత్తదాంట్లోకి తేవాలని షరతు రాయించింది. తెస్తామన్నారు. ఆమె సంతకం పెట్టింది. రోగుల రికార్డులకు బాధ్యురాలిగా ఆమె సంతకం లేనిదే ఏదీ కొనడానికి లేదు. పెట్టకపోయి ఉంటే ఏమయ్యేదని తర్వాత ఆమె వెయ్యిసార్లు అనుకుంది, కాని ఆ పూట పెట్టింది.

అవ్వను ఆపేసిన రోజు ఆఫీసులో పసుపన్నం గోపురంలా పోసి, కోసి పంచారు. కొత్తది చల్లగా ఉండాలని ప్రార్థన కూడా చేశారు. పాత పేర్లు మాట ప్రకారం వచ్చాయి. ఎక్కడికి? రికార్డు తెరిచి, ఇంకోటి తెరిచి, అట్టడుగున 'ఇతర వివరాలు' అన్నచోటికి. అక్కడికి దోమ కూడా వెళ్ళదు. ముడులన్నీ విడిపోయాయి. సారస్ ఒక మనిషి, నరేశ్వరి ఇంకో మనిషి.

వెనింగ్ మొదటి రోజే చెల్లెలి కూతురి ముడి మళ్ళీ వేసింది. మిగతావాళ్ళవి కూడా జట్టుచేత ఒక్కొక్కటే వేయించడం మొదలుపెట్టింది. ఎర్ర గుర్తు సారస్ మీద వెలిగింది. హమ్మయ్య అనుకుంది. అయితే కొత్తదానికి దాచుకోవడం తెలియదు. రెండు పేర్లుంటే రెండూ పైనే, పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. పైగా రెండు పేర్లున్న మనిషి వస్తే కౌంటర్లో రెండూ చదివి వినిపించి అవుననిపించుకోవాలి, అది దాని నియమం.

పంటినొప్పికని పినాస్తి కూతుర్ని తీసుకెళ్ళింది. కౌంటర్లో అమ్మాయి పాపం తన పని తను చేసింది. జనం నిండిన హాల్లో, మైకులో, "సారస్, నరేశ్వరి, రెండూ నువ్వేనా పాపా?" అని అడిగింది.

"అమ్మా, నరేశ్వరి ఎవరు?" అంది పిల్ల.

అదే రోజు పినాస్తి వెనింగ్ ఆఫీసుకి వచ్చింది. చెప్పులు బయట విడిచింది గాని కోపం విడవలేదు.

"ఆ పేరు తీసెయ్ అక్కా. నా ముందే తీసెయ్."

"కూర్చో పినా. తీస్తే ఎర్ర గుర్తు కూడా పోతుంది. ఇది అవ్వలాంటిది కాదు."

"పోనీ. నేనున్నానుగా. ఏ డాక్టరైనా సరే, ఈ మందు ఇవ్వొద్దని నేను చెప్తాను. నాకు నోరు లేదా?"

"ప్రతిసారీ నువ్వే ఉంటావా?"

"దాని తల్లిని నేను కాక ఇంకెవరుంటారు? ఇంటికెళ్ళిన దగ్గర్నుంచి మా అత్త ఒకటే ఏడుపు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది. దానికేమైనా అయితే నీ కంప్యూటర్ తెచ్చిస్తుందా? నువ్వూ తిన్నావు ఆ జావ."

వెనింగ్ కంప్యూటర్ వైపు తిరిగింది. ముడి విప్పేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, అవ్వ మౌనంగా మోసిన దాన్ని మోయలేని కొత్తదాన్ని తెచ్చి, చివరికి ఆ ఉన్న ముడినీ తనే ఊడదీసింది.

ఊరుకోలేదు పాపం. సారస్ పేరు మీద విడిగా ఎర్ర గుర్తు వేద్దామని చూసింది. ఆ పిల్లను పరీక్షించిన డాక్టరు వేస్తే తప్ప కొత్త ప్రోగ్రామ్ తీసుకోదు. పిల్లను ఒకసారి తీసుకురా, డాక్టరుకి చూపిద్దాం అని పినాస్తికి ఫోన్ చేసింది. "సారస్‌కి ఏమైందని చూపించాలి? లేని రోగం అంటగడతావా?" అంది పినాస్తి. రెండు మూడుసార్లు అడిగింది. తర్వాత పండగ వచ్చింది, పండగ తర్వాత పని వచ్చింది, అడగడం మానేసింది.

వానాకాలం మధ్యలో ఒక పొద్దున వెనింగ్ ఫోన్ మోగింది. సుమీరా.

"వెనింగ్, పిల్ల బళ్ళో పడిపోయిందట. టీచరమ్మ కబురు చేస్తే వెళ్ళి ఉంగారన్ ఆస్పత్రికి తెచ్చాం. జ్వరం కాగిపోతోంది, రొమ్ములో కఫం పట్టిందంటున్నారు. పినాస్తి ఫోన్ ఎత్తట్లేదు."

ఎత్తదు. ఫ్యాక్టరీలో మిషను ఎక్కేముందు అందరి ఫోన్లూ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే అది. పినాస్తికి నోరుంది, ఆ నోరు పెట్టెలో ఉంది.

"అత్తయ్యా, డాక్టరుకి చెప్పారా?"

"ఏం చెప్పాలి?"

"పడని మందు సంగతి."

"అడిగారమ్మా. ఇంతకుముందు ఏ మందైనా పడలేదా అని. సారస్‌కి అలాంటిదేం లేదు అని చెప్పాను." ఆ ముసలావిడ గొంతు తగ్గించింది. "అది ఆ పిల్లకి కదా. ఆ పిల్ల పోయిందిగా."

"ఫోన్ నర్సుకివ్వండి. అత్తయ్యా, ఇప్పుడే ఇవ్వండి."

చప్పుడు, ఎవరివో అడుగులు, తర్వాత ఒక చిన్నవయసు గొంతు.

"చెప్పండి బు."

"సారస్ అనే అమ్మాయి, జ్వరంతో వచ్చింది. ఆ అమ్మాయికి ఇంజెక్షన్ ఇవ్వొద్దు. పడదు. పాత రికార్డులో ఉంది."

"ఏ రికార్డు బు? ఇక్కడ ఏ గుర్తూ లేదే."

వెనింగ్ నోరు తెరిచింది. ఈసారి ఆగలేదు. "నరేశ్వరి," అంది గట్టిగా. ఆఫీసులో అందరూ తల తిప్పి చూశారు. "నరేశ్వరి అని వెతుకు. ఇద్దరూ ఒకటే."

అవతల నర్సు వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు, ఏదో బల్ల చక్రాలు దొర్లుతున్నాయి.

"ఇచ్చేశాం బు," అంది నర్సు. "ఇప్పుడే ఇచ్చేశాం."

డాక్టర్లు చేతనైనంతా చేశారు. ఊపిరితిత్తులు ముందే నీరసించి ఉన్నాయి, పిల్ల ఈసారి గుమ్మం దగ్గర వెనక్కి తిరగలేదు. భోజనం వేళకు పెట్టె తాళం తీస్తే పినాస్తి ఫోన్ నిండా మిస్డ్ కాల్సే. కుట్టుమిషను బట్టలతోనే వచ్చింది. భుజం మీద ఇంకా దారం పోగులున్నాయి. కూతురి చెయ్యి పట్టుకుని, ఎవర్నీ తిట్టకుండా, ఒక్కటే మాట అంది. "నేను చెప్తానన్నాను కదా అక్కా."

వెనింగ్ ఆ మాటకంటే చెంపదెబ్బను తేలిగ్గా ఓర్చుకునేది.

సుమీరా ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చుంటుంది, ఎవరైనా అన్నం పెడితే తింటుంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఎవరికి మొహముంది?

నెల తిరిగాక ఆఫీసులో విచారణ పెట్టారు. అదే హాలు, అదే గోడ. గలీహ్ కూడా వచ్చాడు, ఈసారి డబ్బాలు తేలేదు. ప్రోగ్రామ్ దాని నియమం ప్రకారమే నడిచిందని తేలింది. గుర్తు లేదు కనుక చూపించలేదు. ముడి విప్పింది ఎవరో కూడా అందులో ఉంది.

"బు వెనింగ్, ఇది కుటుంబ విషయం," అన్నాడు హెందార్తో మెల్లగా. "మీ పేరు బయటికి రాకుండా చూస్తాను. బంధువులు సరైన వివరం ఇవ్వలేదు, అంతటితో ముగిద్దాం."

"ఆ రోజు ఒక్క మనిషిని చూపించమన్నారు పాక్," అంది వెనింగ్.

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నరేశ్వరి. కొత్త పేరు సారస్. మా చెల్లెలి కూతురు. మాస్ గలీహ్, వెతకండి. ఆ రోజు చెప్పాల్సింది. నాకు భయమేసి చెప్పలేదు."

గలీహ్ కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగిపోయాడు. డైరెక్టరు వైపు చూశాడు, ఆయన వెతకమనలేదు.

"భయం నాకొక్కదానికేనా పాక్? మీ పాత పేరు ఇప్పుడైనా చెప్పగలరా? ఎక్కడో మీ మీద కూడా ఒక ఎర్ర గుర్తు ఉండే ఉంటుంది. మన ముగ్గురం కూర్చుని, ఎవరూ నోరు తెరవకుండా, నోరు తెరిస్తే తప్ప పనిచేయనిదాన్ని కొన్నాం."

హెందార్తో కిటికీ వైపు చూశాడు. గడి పెట్టించడానికి ఎంతవుతుందో కనుక్కోమని గలీహ్‌కి చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. తన పేరు మాత్రం అప్పుడూ చెప్పలేదు.

వానలు తగ్గాయి. సమాధి మీద మట్టి గట్టిపడింది, చెక్క మీద సారస్ అని రాసి ఉంది. ఒక ఆదివారం పొద్దున పినాస్తి ఫోన్ చేసింది.

"అక్కా, ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది."

"ఏమని?"

"నరేశ్వరికి పన్నెండేళ్ళు నిండాయట. ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నారట. కేకు బొమ్మ కూడా పెట్టారు."

ఆ పేరు పినాస్తి నోటివెంట అంత మామూలుగా రావడం విని వెనింగ్ మంచం మీద కూర్చుండిపోయింది. ఏం జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. చనిపోయినట్టు రాసింది సారస్ రికార్డు మీద. నరేశ్వరి ఇంకో మనిషి. ఆమెకేం కాలేదు. ఎర్ర గుర్తు భద్రంగా ఉంది, ఎవరూ ఆమెకు ఏ ఇంజెక్షనూ ఇవ్వలేదు.

"నేను సరిచేస్తాను పినా. రెండూ కలిపేస్తే ఇంక రావు."

"కలిపితే ఏమవుతుంది?"

"ఇద్దరూ ఒకరే అవుతారు."

ఫోన్లో కోడి కూత, ఎవరో పెరడు ఊడుస్తున్న చప్పుడు వినబడుతున్నాయి.

"అంటే ఇదీ పోతుందా?" అంది పినాస్తి.

వెనింగ్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"ఉండనీ అక్కా," అంది పినాస్తి. "అక్కడైనా ఉండనీ."

సోమవారం వెనింగ్ ఆఫీసుకెళ్ళి రెండు రికార్డులూ పక్కపక్కన తెరిచింది. ఒక మనిషికి ఒకటే రికార్డు అని ముప్పై ఏళ్ళు అందరికీ పాఠం చెప్పిన మనిషి. చాలాసేపు చూసి, ఏమీ ముట్టుకోకుండా మూసేసి, తర్వాతి జంట తెరిచింది.

మరుసటేడు పినాస్తి పాత ఫోన్ పాడైతే కొత్తది కొనుక్కుంది. నంబరు మాత్రం మార్చలేదు.